కొత్త ప్రీఆంప్ కొనే ముందు లోపలి ప్రీసెట్ సంగతి అడగండి

ఫోన్ రివ్యూ రాసేటప్పుడు మనం ఒక్క సెట్టింగ్ కూడా వదలం. డిస్‌ప్లే వివిడ్ మోడ్‌లో ఉందా నేచురల్‌లో ఉందా, రిఫ్రెష్ రేట్ 60లో పెట్టామా 120లో పెట్టామా, బ్యాటరీ టెస్ట్ అప్పుడు బ్రైట్‌నెస్ ఎంత... అన్నీ రాస్తాం. రాయకపోతే చదివేవాళ్లు ఊరుకోరు. అదే గిటార్ ప్రీఆంప్ దగ్గరికి వచ్చేసరికి "సౌండ్ క్లీన్‌గా ఉంది, బేస్ కొంచెం తక్కువ, పదికి ఏడు" అని తేల్చేస్తున్నాం.

ఆ మాడ్యూల్ లోపల, బోర్డు మీద, ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. దాన్ని పావు చుట్టు తిప్పితే ఆ ఏడు కాస్తా తొమ్మిది కావచ్చు, నాలుగు కూడా కావచ్చు. ఆ స్క్రూ ఎక్కడుందో రివ్యూలో ఉండదు. అమ్మేవాడు చెప్పడు. కొనేవాడు అడగడు.

నా మాట సూటిగా చెప్పేస్తా. "మాడిఫైడ్" అని పేరు పెట్టి ప్రీఆంప్ మాడ్యూల్ అమ్మేవాళ్లు లోపలి ట్రిమ్ పాట్‌లు ఎక్కడ సెట్ చేశారో రాసి ఇవ్వాలి. రివ్యూ చేసేవాళ్లు అది చెప్పకుండా మార్కులు వేయకూడదు. కొన్నవాళ్లు అది చూడకుండా ఇంకోటి కొనకూడదు. చిన్న స్క్రూ గురించి ఇంత గొడవ ఎందుకంటే, దాని వల్ల పోయే డబ్బు ఎక్కువగా మనలాంటి చిన్న ఊళ్ల కుర్రాళ్లదే.

మాది నిజామాబాద్. బీటెక్ ఈసీఈ చదివి కోడ్ రాసుకుంటున్న లక్షల మందిలో నేనూ ఒకణ్ణి. సోల్డరింగ్ ఐరన్ మాత్రం వదల్లేదు.

మన దగ్గర గిటార్ ఎక్కడ మోగుతుంది?

స్టూడియోలో కాదు. నిజామాబాద్, బోధన్, డిచ్‌పల్లి చుట్టుపక్కల గిటార్ వినపడేది ఆదివారం చర్చిలో, కాలేజీ ఫెస్ట్‌లో, సంగీత్ ఫంక్షన్‌లో. బోధన్ దాటి సాలూర వైపు వెళ్తే మహారాష్ట్ర వచ్చేస్తుంది, అటువైపు బెంజో పార్టీలు ఉంటాయి. బటన్లు నొక్కి వాయించే ఆ బెంజోకి కూడా పికప్ పెట్టి, ఆంప్లిఫయర్‌కి కలిపే వాయిస్తారు. గిటార్‌ది, బెంజోది సమస్య ఒక్కటే. తీగ చేసే చిన్న శబ్దాన్ని వెయ్యి మందికి వినపడేలా చేయాలి.

తీగ వాయిద్యానికి కరెంటు కలపడం తెలుగువాళ్లకి కొత్తేం కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం మొత్తం వాయించి చూపించాడు. మామూలు మాండొలిన్‌లో మీటిన స్వరం చప్పున ఆరిపోతుంది. దాన్ని సాగదీసి గమకం పలికించాలంటే పికప్, ఆంప్లిఫయర్ కావాలి. అంటే అక్కడ ఎలక్ట్రానిక్స్ కూడా వాయిద్యంలో భాగమే.

మన కుర్రాళ్ల దగ్గర ఉండేది ఏంటి? తక్కువ ధరలో దొరికే ఎలక్ట్రో-అకౌస్టిక్ గిటార్. బ్రిడ్జ్ కింద పియెజో పికప్, పక్కన కోసి పెట్టిన ప్రీఆంప్ డబ్బా, దానికో 9 వోల్ట్ బ్యాటరీ. దాన్ని తీసుకెళ్లి సౌండ్ సిస్టమ్ వాళ్ల ఆహూజా ఆంప్లిఫయర్‌కి కలుపుతారు, చాలాసార్లు మైక్ ఇన్‌పుట్‌లోనే. మైక్ ఇన్‌పుట్ కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్ కోసం చేసింది. ప్రీఆంప్ ఇచ్చేది వందల మిల్లీవోల్టులు, గట్టిగా కొడితే వోల్టుల్లో ఉంటుంది. ఆక్స్ ఇన్‌పుట్‌లో పెట్టాల్సింది అక్కడ పెడితే చీలిపోక ఏమవుతుంది?

బోధన్ దగ్గర ఒక తమ్ముడు చర్చిలో వాయిస్తాడు. గిటార్ సరిగ్గా పలకట్లేదని, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతని దగ్గర "మాడిఫైడ్" మాడ్యూల్ కొన్నాడు. మామూలు మాడ్యూల్ ధరకి దాదాపు మూడింతలు పెట్టాడు. పెట్టించుకున్నాక నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, గట్టిగ కొడితే చీల్తుంది, మెల్లగ కొడితే వినపడ్తలేదు. మళ్ల కొత్త పికప్ తీస్కోవాల్నా?"

ఆక్స్‌లో పెట్టి చూడమన్నా. కొంచెం తగ్గింది కానీ చీలడం పోలేదు. అంటే తప్పు ఆంప్లిఫయర్ దగ్గర లేదు, గిటార్ లోపలే ఉంది. ఆ డబ్బా విప్పితే ఏం దొరికిందో చెప్తా. ముందు ఆ స్క్రూ ఏంటో చూద్దాం.

ట్రిమ్ పాట్ అంటే ప్రీసెట్టే

ఇంటర్నెట్‌లో ట్రిమ్ పాట్, ట్రిమ్మర్ అంటారు. మన ఎలక్ట్రానిక్స్ షాపులో "ప్రీసెట్ ఇవ్వన్నా" అంటేనే తెలుస్తుంది. పని మాత్రం వాల్యూమ్ కంట్రోల్ చేసే పనే. తిప్పితే రెసిస్టెన్స్ మారుతుంది. తేడా ఏంటంటే ఇది రోజూ తిప్పడానికి కాదు. ఫ్యాక్టరీలోనో, రిపేర్ టేబుల్ మీదో ఒకసారి సెట్ చేసి వదిలేయడానికి.

దాని మీద 103 అని ఉంటే 10 కిలో ఓమ్స్, 104 అంటే 100 కిలో ఓమ్స్, 105 అంటే 1 మెగా ఓమ్. చివరి అంకె ఎన్ని సున్నాలో చెప్తుంది. బోర్న్స్ 3296 లాంటి నీలం రంగు డబ్బీ రకం ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాలంటే 25 చుట్లు తిప్పాలి. చవక రకం గుండ్రటి ప్రీసెట్ ముప్పావు చుట్టులోనే అయిపోతుంది. అందుకే చవకది వెంట్రుకవాసి జరిగినా వాల్యూ ఎక్కడికో పోతుంది.

ఇంకో సంగతి. ఆ 3296 డేటాషీట్‌లో దాని ఆయుష్షు 200 సైకిళ్లు అని ఉంటుంది. బయట ఉండే వాల్యూమ్ నాబ్ వేల సార్లు తిప్పినా తట్టుకుంటుంది. కంపెనీయే చెప్తోంది, ఇది ఆడుకునే వస్తువు కాదు, కొలిచి సెట్ చేసే వస్తువు అని. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ ఎందుకు దాచి పెడతారో ఇది లోపల ఎందుకు ఉంటుందో కూడా అందుకే. దాచి పెట్టారంటే ముట్టుకోవద్దని అర్థం కాదు, తెలుసుకుని ముట్టుకోమని.

అసలు ఆ స్క్రూ ఎందుకు పెట్టారు?

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇక్కడే కొంచెం వింతగా ఉంటుంది. ఒకే కోడ్ ఏ సర్వర్‌లో నడిపినా ఒకటే జవాబు రావాలి కదా. హార్డ్‌వేర్‌లో అలా కుదరదు.

గిటార్ ప్రీఆంప్‌లలో బాగా వాడిన జేఫెట్ జే201. దీంట్లో పారగల గరిష్ఠ కరెంటు డేటాషీట్ ప్రకారం 0.2 నుంచి 1.0 మిల్లీ ఆంపియర్ వరకు ఎంతైనా ఉండొచ్చు. అంటే ఒకే పేరు, ఒకే ప్యాకెట్, రెండు పార్టుల మధ్య ఐదు రెట్ల తేడా ఉన్నా కంపెనీ లెక్కలో రెండూ మంచివే. దానికి బదులు వాడే 2ఎన్5457 తీసుకుంటే అది 1 నుంచి 5 మిల్లీ ఆంపియర్లు. ఇంత తేడా ఉన్నదానికి అందరికీ ఒకే రెసిస్టర్ పెడితే ఒక బోర్డు బాగా పలుకుతుంది, పక్క బోర్డు బొంగురుపోతుంది. ఆ తేడాని సర్దడానికే ప్రీసెట్.

దాన్ని సెట్ చేసే పద్ధతి చాలా సింపుల్. 9 వోల్టుల సప్లై ఉంటే జేఫెట్ డ్రెయిన్ కాలు దగ్గర దాదాపు సగం, అంటే 4.5 వోల్టులు వచ్చేలా తిప్పుతారు. సిగ్నల్ పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి మధ్యలో ఉంటే రెండు వైపులా చోటు ఉంటుంది. ఇది మొదలుపెట్టే చోటు. అక్కడి నుంచి చెవికి నచ్చినట్టు కొంచెం అటూ ఇటూ జరుపుకుంటారు.

ఇదేదో చవక సామాన్ల కథ అనుకోకండి. 1970ల్లో అమెరికాలో అలెంబిక్ కంపెనీ గిటార్ లోపల పెట్టుకునే స్ట్రాటోబ్లాస్టర్ అనే ప్రీఆంప్ చేసింది. దాని గెయిన్ సెట్ చేసేది లోపలి ట్రిమ్ పాట్‌తోనే. అదే కాలంలో వచ్చిన ఎమ్‌ఎక్స్‌ఆర్ ఫేజ్ 90 పెడల్ తెరిస్తే లోపల ఒక ట్రిమ్ పాట్ కనిపిస్తుంది. అది తప్పు చోట ఉంటే ఆ పెడల్ ఊగే ఊపే పోతుంది. బయట నాబ్ ఒక్కటే, అసలు కీలకం లోపల.

ఆ డబ్బాలో ఏం దొరికింది?

ఇప్పుడు బోధన్ తమ్ముడి మాడ్యూల్‌కి వద్దాం. కొత్త బ్యాటరీ వేసి, మల్టీమీటర్ పెట్టి చూస్తే డ్రెయిన్ దగ్గర 1.7 వోల్టులు ఉంది. 9 నుంచి 1.7 తీసేస్తే 7.3 వోల్టులు పైన రెసిస్టెన్స్‌లోనే పడిపోతోంది. సిగ్నల్ కిందకి ఊగడానికి చోటే లేదు. గట్టిగా ఒక స్ట్రమ్ కొట్టగానే కింది సగం నరికేసినట్టు అవుతోంది. చీలడం అంటే అదే.

ఎందుకలా అయింది? మాడిఫై చేసినాయన పాత జేఫెట్ తీసి ఎక్కువ కరెంటు లాగేది వేశాడు. సోల్డర్ తేడా చూస్తేనే తెలిసిపోతోంది. కానీ ప్రీసెట్‌ని పాత పార్టుకి ఉన్న చోటే వదిలేశాడు. ఫ్యాక్టరీలో స్క్రూ మీద పెట్టిన రంగు చుక్క కూడా చెక్కు చెదరలేదు. కొత్త ఇంజన్ వేసి పాత ట్యూనింగ్‌తోనే బండి చేతికిచ్చినట్టు.

ప్రీసెట్‌ని మెల్లగా తిప్పి డ్రెయిన్‌ని 4.5 దగ్గరికి తెచ్చాం. పైన పడే వోల్టేజ్ 7.3 నుంచి 4.5కి తగ్గింది కాబట్టి ఆ స్టేజ్ గెయిన్ కూడా ఇంచుమించు 60 శాతానికి తగ్గింది. ఆ తగ్గింది ఆంప్లిఫయర్ వాల్యూమ్ కొంచెం పెంచితే వచ్చేస్తుంది. చీలడం ఆగిపోయింది. మెల్లగా వాయించింది కూడా వినపడుతోంది, ఎందుకంటే చీలుతుందనే భయంతో వాల్యూమ్ తగ్గించి పెట్టుకోవాల్సిన అవసరం పోయింది. కొత్త పికప్ ఖర్చు మిగిలింది.

అమ్మినాయన పేరు నాకు అనవసరం. ఆయన చేసిన పని చెడ్డదని కూడా అనను, వేసిన పార్ట్ మంచిదే. ఆయన చేయనిది ఒక్కటే. ఐదు నిమిషాలు మీటర్ పెట్టి చూడలేదు, "డ్రెయిన్ 4.5 దగ్గర సెట్ చేశా" అని ఒక చీటీ ముక్క రాయలేదు. ఆ తమ్ముడు పెట్టిన మూడింతల ధర ఆ చీటీకే కదా!

స్పెక్ షీట్‌లో కనపడని ఇంకో రెండు సంగతులు

మొదటిది ఇన్‌పుట్. పియెజో పికప్ ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. ఉదాహరణకి 1 నానోఫారడ్ అనుకుందాం. దాని ముందు ప్రీఆంప్ ఇన్‌పుట్ 10 మెగా ఓమ్స్ ఉంటే 16 హెర్ట్జ్ దాకా బేస్ వస్తుంది. 1 మెగా ఓమ్ అయితే 159 హెర్ట్జ్ దగ్గర నుంచే బేస్ రాలిపోవడం మొదలవుతుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్‌లో మోగుతుంది, కాబట్టి దెబ్బ అక్కడే కనపడుతుంది. కొంతమంది మాడ్ చేసేవాళ్లు సిగ్నల్ ఎక్కువైందని నేరుగా ఇన్‌పుట్ దగ్గరే ఒక 104 ప్రీసెట్ పెట్టేస్తారు. 100 కిలో ఓమ్స్ అంటే లెక్క దాదాపు 1,600 హెర్ట్జ్‌కి పోతుంది. ఇక గిటార్ రేకు డబ్బాలా మోగక ఏం చేస్తుంది? మీ మాడ్యూల్‌లో బేస్ అస్సలు లేకపోతే ముందు చూడాల్సింది ఈక్వలైజర్ కాదు, ఈ చోటు.

రెండోది బ్యాటరీ. "ఆప్-ఆంప్ అప్‌గ్రేడ్ చేశాం" అని గొప్పగా రాస్తారు. టీఎల్062 చిప్ మొత్తం మీద 0.4 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. టీఎల్072 అయితే 2.8. ఓపీఏ2134 అయితే 8. అన్నీ డేటాషీట్‌లో ఇచ్చే మామూలు విలువలే. 9 వోల్ట్ ఆల్కలైన్ బ్యాటరీ 500 మిల్లీ ఆంపియర్ అవర్ అనుకుంటే మొదటిది వెయ్యి గంటలు దాటి వస్తుంది, చివరిది అరవై గంటల్లో అయిపోతుంది. కిరాణా షాపులో దొరికే మామూలు జింక్ కార్బన్ బ్యాటరీ అయితే ఇంకా తక్కువ. సౌండ్‌లో శబ్దం తగ్గుతుంది నిజమే, కానీ ఫోన్‌కైతే ఈ తేడా మనం హెడ్‌లైన్‌లో పెట్టేవాళ్లం.

బ్యాటరీకీ ప్రీసెట్‌కీ కూడా చుట్టరికం ఉంది. 9 వోల్టుల దగ్గర డ్రెయిన్ 4.5కి సెట్ చేశాం. బ్యాటరీ 7 వోల్టులకి దిగితే పైన పడేది ఇంచుమించు అదే 4.5 కాబట్టి డ్రెయిన్ 2.5కి దిగుతుంది. కింద చోటు మళ్లీ తగ్గిపోతుంది. అందుకే సెట్టింగ్ రాసేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ కూడా రాయాలి. అది లేకుండా "4.5" అనే అంకెకి విలువ లేదు.

చెరకు కాటా దగ్గర మనకి తెలిసిన న్యాయమే

బోధన్ అనగానే చక్కెర. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా చెరకు పండించిన ఇళ్లల్లో ఒక మాట మిగిలింది. బండి కాటా ఎక్కినప్పుడు చూడాల్సింది ముల్లుని కాదు, సీల్‌ని.

వేబ్రిడ్జ్‌లోనూ సర్దే చోటు ఉంటుంది. ఉండకపోతే అది సరిగ్గా తూచలేదు. కానీ తూనికలు, కొలతల శాఖ వాళ్లు వచ్చి, తెలిసిన బరువులు పెట్టి చూసి, సర్ది, సీల్ వేస్తారు. ఎప్పుడు చూశారో కాగితం ఉంటుంది. సీల్ తెగి ఉంటే ఆ కాటా చెప్పే అంకెని ఎవరూ నమ్మరు, అంకె నిజంగా కరెక్టే అయినా సరే.

ప్రీసెట్ మీద ఫ్యాక్టరీ వాళ్లు పెట్టే రంగు చుక్క అలాంటి సీలే. "మేం కొలిచాం, ఇక్కడ ఆపాం" అని దానర్థం. పార్టులు మార్చి ఆ చుక్కని అలాగే ఉంచితే, మారిపోయిన కాటా మీద పాత సీల్ ఉంచినట్టు. చుక్క చెరిపి కొత్తగా ఏమీ రాయకపోతే సీల్ తెంపి వదిలేసినట్టు. రెండూ కొనేవాడికి అన్యాయమే. మాడిఫై చేయడం తప్పు కాదు. తిరిగి కొలిచి, తన చుక్క తను పెట్టి, అంకె రాసి ఇవ్వడం చేసినవాడి బాధ్యత. మార్కెట్‌లో పది రకాల మాడ్‌లు ఉన్నప్పుడు ఆ ఒక్క చీటీ చూసే ఏది పనితనం ఏది పేరు మాత్రమే అని చెప్పొచ్చు.

"అందరూ తిప్పడం మొదలుపెడితే పాడవదా?"

ఈ అభ్యంతరం న్యాయమైందే. నేను ఈ మాట అన్నప్పుడల్లా ఫ్రెండ్స్ ఇదే అడుగుతారు. నా జవాబు, రాసి ఉంటే ఎవరూ ఊరికే తిప్పరు. ఏ స్క్రూ ఏం చేస్తుందో తెలియనప్పుడే జనం ఒక్కోటీ తిప్పి చూస్తారు. "వీఆర్1 డ్రెయిన్, 4.5 వోల్టులు. వీఆర్2 గెయిన్, 2 రెట్లు" అని బోర్డు మీద ఉంటే, పాడైనా తిరిగి అక్కడికి రావచ్చు.

తిప్పాలనే అనుకుంటే ఈ వరస పాటించండి:

- ముందు ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీయండి. స్క్రూ గాడి ఏ వైపు చూస్తోందో కనపడాలి.
- సన్న మార్కర్‌తో ఇప్పుడున్న చోట గీత పెట్టండి. 25 చుట్ల రకం అయితే ఎన్ని చుట్లు తిప్పారో లెక్క రాసుకోండి.
- కొత్త బ్యాటరీ వేసి దాని వోల్టేజ్ కొలవండి. రెండు మూడు వందల రూపాయల మల్టీమీటర్ చాలు.
- తిప్పకముందే డ్రెయిన్ వోల్టేజ్ చూడండి. సగానికి దగ్గర్లో ఉంటే దాన్ని ముట్టుకోకండి, తేడా ఇంకెక్కడో ఉంది.
- ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ వాడండి. లోహంది జారితే పక్క ట్రాక్‌ని షార్ట్ చేస్తుంది.
- ఒకసారికి ఒక్క ప్రీసెట్టే. కొంచెం తిప్పి, ఒకే కార్డ్ ఒకే బలంతో వాయించి, ఫోన్‌లో రికార్డ్ చేసి పోల్చండి.
- అయిపోయాక నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, అంకెలు, తేదీ డబ్బా లోపల అతికించండి.

చివరి పాయింట్ మర్చిపోతే మీరూ ఆ అమ్మినాయన లాంటివాళ్లే.

"డిజిటల్ వచ్చాక ఇదంతా ఎందుకు?"

మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్, ఫోన్‌లో ఆంప్ యాప్, ఇంటర్‌ఫేస్... అన్నీ నేనూ వాడతాను. వాటిలో ఈక్వలైజర్ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అవన్నీ ప్రీఆంప్ తర్వాత వచ్చేవి. మొదటి స్టేజ్‌లో సిగ్నల్ కింది సగం తెగిపోయాక, ఆ తెగిన ముక్క ఏ సాఫ్ట్‌వేర్‌కీ అందదు. ఓవర్ ఎక్స్‌పోజ్ అయి తెల్లబడిపోయిన ఆకాశాన్ని ఏ ఫోటో యాప్ కూడా వెనక్కి తేలేదు కదా, ఇదీ అంతే. కోడ్ రాసేవాడిగా నాకు కోడ్ మీద గౌరవం ఉంది, అందుకే దానికి సరైన ఇన్‌పుట్ ఇవ్వమంటున్నా.

ఫీడ్‌బ్యాక్ సంగతీ ఇలాంటిదే. అకౌస్టిక్ గిటార్ పెట్టె లోపలి గాలి ఇంచుమించు 100 హెర్ట్జ్ దగ్గర సొంతంగా మోగుతుంది. సౌండ్ బాక్స్ పక్కనే నిలబడితే అక్కడే కూత మొదలవుతుంది. దానికి నాచ్ ఫిల్టర్ వాడొచ్చు, ఫేజ్ స్విచ్ నొక్కొచ్చు. కానీ గెయిన్ ప్రీసెట్ అవసరానికి మించి పైన ఉంటే బాక్స్ ఎంత దూరం జరిపినా కూత వెంటే వస్తుంది.

పాత టీవీ మెకానిక్‌ల దగ్గర ఉన్న విద్య

నిజామాబాద్‌లో పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. ఎల్‌ఓటీ మీద ఫోకస్, స్క్రీన్ అని రెండు కంట్రోల్స్ ఉండేవి. అద్దం ఎదురుగా పెట్టుకుని, వెనక నుంచి చెయ్యి పెట్టి, బొమ్మ చూస్తూ తిప్పేవాళ్లు. ప్రీసెట్ మీద వాళ్ల చెయ్యి ఆగే తీరు చూస్తే డేటాషీట్ చదివిన నాకు ముచ్చటేస్తుంది. ఆ టీవీలు పోయాయి, ఇప్పుడు వాళ్లలో చాలామంది ప్యానెల్ మార్చడమో, బోర్డు మార్చడమో చేస్తున్నారు. గిటార్ ప్రీఆంప్, కీబోర్డ్, ఆంప్లిఫయర్ పట్టుకెళ్తే చేయగలరు. మనం పట్టుకెళ్లం, కొత్తది ఆర్డర్ పెడతాం.

కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెచ్చింది. అందులో వ్యవసాయ పరికరాలు, మొబైల్స్-ఎలక్ట్రానిక్స్, ఇంటి వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు పెట్టారు. ఫోన్ కంపెనీలని సర్వీస్ మాన్యువల్ అడగడం అప్పటి నుంచి మనకి అలవాటవుతోంది. సంగీత వాయిద్యాల ఎలక్ట్రానిక్స్ ఆ జాబితాలో విడిగా లేదు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక కాగితం మీద రెండు అంకెలు రాయడానికి ఏ చట్టం కావాలి?

రివ్యూ రాసేవాళ్లకి నా డిమాండ్

ఇకపై ఈ సైట్‌లో గానీ ఎక్కడ గానీ మాడిఫైడ్ ప్రీఆంప్ రివ్యూ వస్తే అందులో నాలుగు లైన్లు ఉండాలి. లోపల ఎన్ని ప్రీసెట్‌లు ఉన్నాయి, ఏది ఏం చేస్తుంది. బాక్స్ తెరిచేసరికి ఎక్కడ సెట్ అయి ఉన్నాయి, ఎంత బ్యాటరీ వోల్టేజ్ దగ్గర. అమ్మినవాళ్లు కాగితం ఇచ్చారా లేదా. సరిగ్గా సెట్ చేశాక సౌండ్ ఎంత మారింది. కాగితం లేకపోతే మార్కులు కోయండి, మొహమాటం వద్దు. ఛార్జర్ బాక్స్‌లో ఇవ్వకపోతే కోయట్లేదా?

కొనేవాళ్లు డబ్బు పంపే ముందు ఒక్క మెసేజ్ పెట్టండి, "అన్నా, పార్ట్ మార్చాక ప్రీసెట్ మళ్లీ సెట్ చేశారా, ఎన్ని వోల్టులకి?" అని. చేసినవాడు వెంటనే అంకె చెప్తాడు. చేయనివాడు "సౌండ్ సూపర్ ఉంటది భాయ్" అంటాడు. ఎవరి దగ్గర కొనాలో అక్కడే తేలిపోతుంది.